నూట పన్నెండు

ఆదోని పత్తి యార్డులో
రెండో నంబరు కాటా పక్కన
స్టూలు మీద కూర్చునే హుసేనప్ప
కాటాలో ఒక భాగమే అనుకున్నాను
చిట్టీలు రాయడానికి చేరిన కొత్తలో.

పొద్దున తాళం తీయగానే
చెప్పులు విడిచి ముందు ఆయనే ఎక్కేవాడు.
ముల్లు ఊగి ఊగి
నూట పన్నెండు దగ్గర ఆగితే
"నిజమే చెప్తాంది, రాసుకో" అని దిగేవాడు.
ఆ తర్వాతే మొదటి బోరెం.
తూనికల ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చేవాడు.
హుసేనప్ప రోజూ.

దూదేకులోళ్ళ ఇల్లు.
నాయన ఏకిన దూది గాలికి లేచి
చూరుకీ, చాపకీ, కనురెప్పలకీ అంటుకునేది.
అంత తేలికైన ఇంట్లో
ఇంత బరువెట్లా పుట్టిందని పేటంతా నవ్వేది.
అమ్మ రొట్టెలు లెక్కపెట్టకుండా తట్టేది.
"లెక్కపెడితే దిష్టి" అనేది
జొన్నల డబ్బా అడుగు గీరుతూ.

గరిడీలో ఎర్రమట్టి,
నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు తాగిన మట్టి.
వస్తాదు ఎన్ని పట్లు నేర్పాడో గానీ
ముసలితనందాకా మిగిలింది ఒక్క మాట:
"ఎత్తేది ఎవడైనా ఎత్తుతాడు.
దించేది నేర్చుకోరా."

ఆ తర్వాత టికెట్టు కుస్తీలు.
బళ్ళారి, రాయచూరు, షోలాపూరు.
గుడారం, జనరేటరు, చుట్టూ తాళ్ళు కట్టిన అరుగు.
కంట్రాక్టరు నల్ల ముసుగు కుట్టించి
గోడల మీద రాయలసీమ రాక్షసుడు అని వేయించాడు.
మూడో రౌండులో పడిపోవాల.
పడితే నూటయాభై.
గెలిస్తే బస్సు చార్జీ.

పదకొండేళ్ళు పడ్డాడు.
జనం శనక్కాయ పొట్టు విసిరారు, ఒకసారి చెప్పు.
గుడారం వెనక కాచుకున్న ఒక అవ్వ
ముసుగు లేని ఆయన్నే పట్టుకుని అడిగిందట:
"ఆ రాక్షసుడు యాటికి పోయినాడు నాయనా?"
"సచ్చిపోయినాడులే అవ్వా" అని
ఆమెను బస్సెక్కించి వచ్చాడట.

ఎక్కువసార్లు షోలాపూరు దత్తోబా చేతిలోనే.
తలకాయ మీదికెత్తి, విసిరేముందు
చెవిలో అడిగేవాడట దత్తోబా:
"మెడ లోపలికి పెట్టుకున్నావా?"
ఊ అంటేనే విసిరేది.
"పెండ్లాం గూడా అంత బద్రంగా అడగల్యా నన్ను" అని
హుసేనప్ప నవ్వితే
క్యారియరు తెచ్చిన ఆయమ్మ
మూతి అటు తిప్పుకునేది.

కొత్తగా వచ్చిన సేటు ఒకరోజు
పలక కింద కాలి బొటనవేలు పెట్టి
కొంచెం, కొంచెమే, ఎత్తిపట్టమన్నాడు.
బోరేనికి రెండు కిలోలు. వారానికి ఐదొందలు.
ఆ నెల కూతురి కాన్పు.
హుసేనప్ప నోట్లను చానాసేపు చూశాడు.
"పడేదానికి తీసుకున్నా సేటూ, ముందుగూడా.
అది నా వీపు.
ఇది ఆ యప్ప పత్తి."
ఆ యప్ప, పెద్దతుంబళం రైతు,
అప్పటికి టీ తాగడానికి పోయి ఉన్నాడు.

తర్వాత చక్కెర జబ్బు.
నూట పన్నెండు నూట నాలుగైంది.
ముల్లును తిట్టాం, మెకానిక్కును పిలిచాం.
కాటా బాగుందన్నాడు.
తొంభై ఆరు.
ఎనభై ఏడు.
"దీనికి నిజం చెప్పేది నేనే నేర్పిస్తి గదప్పా"
అన్నాడు దిగుతూ.
కర్నూలు పెద్దాసుపత్రిలో
ఆ బొటనవేలే తీసేశారు.

ఇప్పుడు యార్డులో లారీతో సహా తూస్తారు.
ఎర్రంకెలు వెలుగుతాయి, ఆరిపోతాయి.
పింఛను కాగితం మీద సంతకం కోసం
మొన్న నేను వాళ్ళింటికి పోతే
మనవరాలు ఎత్తుకోమని చేతులు చాచింది.
ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు.
"పదకొండున్నర."
"అంగన్‌వాడీలో పదకొండే అన్నారు" అంది ఆయమ్మ.
"వాళ్ళ కాటా చూయించుకోమను."

ఆపైన దించడం మొదలుపెట్టాడు.
ముందు ఒక మోకాలు వంచి,
గోడ పట్టుకోకుండా,
పాప మడమ నేలకు తెలిసీ తెలియకుండా.

నా ముందు పెట్టిన ఉగ్గాని
చల్లారిపోయింది.